ముందర స్ప్లిటర్ వేస్తే వెనక తేలిపోతాంది, ఎందుకు?

కరకంబాడి_కుర్రోడు | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఏడాదిగా గమ్మున చదువుకొని పోతా ఉండేవోణ్ని, ఈ తూరి అడగక తప్పలేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు డోర్ల కారు నాది. ఇంజను ముందర, తోసేది వెనక చక్రాలు, బరువు 1400 కిలోలు. కారు పేరు చెప్పను. తిరుపతిలో ఆ రంగుది ఒకటే ఉండాది, చెప్తే తెల్లారేసరికి మా నాయన చెవిన పడతాది.

పోయిన వారం శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకుకు తీసకపోయినా. అంతకుముందు రెండు తూర్లు పోయినా, కారు బుద్ధిగా ఉండేది. ఈ తూరి పోయేముందర బంపరు కింద స్ప్లిటర్ వేయించినా. 12 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొని వచ్చే ప్లైవుడ్ పలక, మీద నల్ల పెయింటు. చూసేదానికి శానా బాగుండాది.

నిదానంగా తిరిగే మలుపుల్లో తేడా ఏమీ లేదు. 140, 160లో బ్రేకు కొంచెం తొక్కి స్టీరింగు తిప్పితే మాత్రం ముందర కత్తి మాదిరి కోసుకొని పోతాంది, వెనకేమో తేలిపోయి పక్కకు జారుతాంది. ఒక తూరి బొంగరం మాదిరి తిరిగి గడ్డిలోకి పోయినా. టైర్లు అవే, టైర్లలో గాలి అంతే, అలైన్‌మెంటు చూపించినా. ముందర బాగా పట్టుకోవాలని వేస్తే వెనక ఎందుకు వదిలేస్తాంది?


పుత్తూరు_పిస్టన్ | 9:52

ప్లైవుడ్డా! మా ఇంట్లో బీరువా వెనకపలక వారం నుంచి కనపడలేదు, ఇప్పుడు తెలిసింది.

దెబ్బలేం తగల్లేదు కదా మావా? అది చెప్పు ముందు.


నగరి_నైట్రో | 10:05

దీనికింత ఆలోచన ఎందుకన్నా, వెనక పెద్ద రెక్క వెయ్. నేను నా హ్యాచ్‌బ్యాక్‌కు నాలుగడుగుల జీటీ వింగ్ వేసినా, హైవేలో బండరాయి మాదిరి కదలకుండా పోతాది. బుగాటీ వేరాన్ కారు గంటకు 407 కిలోమీటర్లు పోయిందంటే రెక్క లేకుండానే పోయిందా?


కాణిపాకం_కార్నర్ | 10:31

407 పోయేటప్పుడు ఆ రెక్క దాదాపు లోపలికి దిగిపోయి ఉంటుంది తమ్ముడూ. వేరాన్‌లో టాప్ స్పీడు కోసం ఇంకో తాళంచెవి ఉంటుంది. అది తిప్పితే కారు నేలకు వంగుతుంది, రెక్క అణిగిపోతుంది. రెక్క పైకి లేచేది మలుపుల్లో పట్టు కోసం, బ్రేకు తొక్కినప్పుడు గాలికి అడ్డం నిలబడటం కోసం. అంత రెక్కను అలాగే నిలబెట్టి ఉంచితే 1001 గుర్రాలున్నా ఆ వేగం అందదు.

కరకంబాడీ, నీకు రెండు ప్రశ్నలు. స్ప్లిటర్ నేలకు ఎంత ఎత్తులో ఉంది? వెనక డిక్కీ మీద ఏమైనా ఉందా, లేక నున్నగా ఉందా? నువ్వు బ్రేకు తొక్కుతూ తిప్పితేనే జారుతుందన్నావు చూడు, అసలు సంగతి అక్కడుందని నా అనుమానం. నేను చిన్న కార్టు బండ్ల రేసులతో మొదలుపెట్టి సెలూన్ కార్ల రేసుల దాకా వచ్చినదాన్ని, ఇలా తిరగడం నాకూ అనుభవమే.


కరకంబాడి_కుర్రోడు | 10:44

దెబ్బల్లేవు మావా, పరువే పోయింది.

అక్కా, నేలకు 9 సెంటీమీటర్లు. డిక్కీ నున్నగా ఉండాది, కంపెనీ నుంచి వచ్చినట్టే.


సూళ్లూరు_కౌంట్‌డౌన్ | 11:15

మా ఊళ్లో మిద్దెక్కితే రాకెట్లు కనపడతాయి కాబట్టి నాకు తెలిసింది చెప్తా. రాకెట్టుకు తోక దగ్గర రెక్కలు ఎందుకుంటాయి? గాలి తోసే కేంద్రం బరువు కేంద్రానికి వెనక ఉండాలని. 1971లో శ్రీహరికోట నుంచి మొదట లేచిన రోహిణి-125 దగ్గర్నుంచి అదే సూత్రం. బాణానికి ఈకలు, గాలిపటానికి తోక, అన్నీ అంతే. నువ్వు ముక్కుకు ఈకలు కట్టినావు, బాణం తిరగబడింది.

ఇంకోటి, కారు పైన గాలి పోయే దారి ఎక్కువ, కింద తక్కువ. రెండు గాలులూ వెనక ఒకేసారి కలవాలి కాబట్టి పైన గాలి వేగంగా పోతుంది, అందుకే కారు పైకి లేస్తుంది.


గాలిగోపురం | ఆదివారం పొద్దున 6:20

పొద్దున్నే కాఫీతో ఇది చదివాను. 31 ఏళ్లు పిల్లలకు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేను.

సూళ్లూరు బాబూ, నీ రెండో మాట ముందు సరిచేస్తాను. పై గాలి, కింద గాలి ఒకేసారి కలవాలన్న నియమం ఎక్కడా లేదు. నిజానికి పైన పోయే గాలి ముందే వెళ్లిపోతుంది, కింది దానికోసం ఆగదు. పాఠ్యపుస్తకాల్లోనే ఈ తప్పు చాలాకాలం తిరిగింది, నీ తప్పు కాదు.

మరి కారు ఎందుకు లేస్తుంది? మన పల్లెల్లో రేకుల షెడ్ల మీద బండరాళ్లు పెడతారు కదా. గాలి రేకు కిందికి దూరి లేపుతుందని మనం అనుకుంటాం. అది సగమే. వంపు మీదుగా గాలి ఒరుసుకుంటూ మళ్లి పోయేచోట ఒత్తిడి పడిపోతుంది, రేకును పైనుంచి పీల్చినట్టవుతుంది. మదనపల్లి టమాటా లారీలు హైవేలో పోయేటప్పుడు టార్పాలిన్ పైకి ఉబ్బి ఉంటుంది, చూశారా? కింద నుంచి ఎవరూ తోయడం లేదు, పైన ఒత్తిడి తక్కువ. కారు పైకప్పు, వెనక అద్దం వాలు, డిక్కీ, అన్నీ ఆ టార్పాలినే. ఇనుముతో చేసినది కాబట్టి ఉబ్బదు. బదులుగా కారునే కాస్త ఎత్తుతుంది.

ఎంత? మామూలు రెండు డోర్ల కారుకు లిఫ్టు గుణకం, అంటే గాలి దాన్ని ఎంత ఎత్తుతుందో చెప్పే అంకె, 0.2, ముందు నుంచి చూస్తే కనపడే వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకుందాం. 100 వేగంలో 19 కిలోలు ఎత్తుతుంది. ఏమీ తెలియదు. 160లో 48 కిలోలు. 200లో 75. వేగం రెట్టింపైతే గాలి బలం నాలుగింతలవుతుంది కాబట్టి 80లో పెద్దమనిషిలా పోయే కారు 160లో వేరే కారులా ఉంటుంది. నిదానం మలుపుల్లో నీకు తేడా తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇక ఏతాం సంగతి. పాత రోజుల్లో బావి దగ్గర ఏతాం ఎక్కి తొక్కేవాళ్లు, ఒక కొస దిగితే ఇంకో కొస లేచేది. నీ స్ప్లిటర్ ముందు చక్రాల మీద కూర్చోలేదు, చక్రాలకంటే ముందుకు, గాలిలోకి వేలాడుతూ ఉంది. ముందు ఇరుసు నుంచి దాని మధ్యకు 80 సెంటీమీటర్లు, రెండు ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లు అనుకో. 160లో స్ప్లిటర్ 30 కిలోల బలంతో కిందికి తొక్కుతుందనుకో. ముందు చక్రాల మీద పడేది 30 కాదు, దగ్గర దగ్గర 40. మిగతా 10 ఎక్కడిది? వెనక చక్రాల నుంచి లాక్కున్నది. ముందు ఇరుసే ఏతాం ఆనే చోటు, ముక్కు దిగింది, తోక లేచింది.

అంటే నువ్వు ముందుకు పట్టు కలపడమే కాదు, వెనక నుంచి తీసి ముందుకిచ్చావు. పైగా డిక్కీ నున్నగా ఉంది, అది ఎత్తేది అది ఎత్తుతూనే ఉంది.


లీలామహల్_లేత్ | 7:05

సార్ చెప్పింది నిజమే అబ్బయ్యా. నేను లేతు ముందర 40 ఏళ్లుగా నిలబడినోణ్ని, ఈ లెక్కలు నాకు రావు గానీ ఒకటి అడగతా. ఆ పలక దేనికి బిగించినారు? ప్లాస్టిక్కు బంపరుకేనా? 30 కిలోలు తొక్కితే ఆ బంపరు క్లిప్పులు ఎన్నాళ్లు నిలుస్తాయి? స్ప్లిటర్ కొస మీద మనిషి ఎక్కి నిలబడినా వంగగూడదు, అదీ లెక్క. ఛాసిస్‌కు ఇనప పట్టీలు వేసి, ముందర రెండు సన్న రాడ్లతో పైకి లాగి కట్టాల.


కాణిపాకం_కార్నర్ | 8:12

తాతగారి మాటకు చరిత్రలో సాక్ష్యముంది. 1969 స్పెయిన్ గ్రాండ్ ప్రీ, బార్సిలోనా మాంట్‌జుయిక్. అప్పట్లో ఫార్ములా వన్ కార్లకు సన్నటి కాళ్ల మీద మనిషెత్తు రెక్కలు ఉండేవి. లోటస్ టీమువాళ్లవి, గ్రాహమ్ హిల్‌దీ యోకెన్ రింట్‌దీ, ఒకే రేసులో రెండు రెక్కలూ విరిగిపోయాయి, రెండు కార్లూ గోడలకు కొట్టుకున్నాయి. ఆ తర్వాతి రేసు మొనాకోలో ఎత్తు రెక్కల్ని ఆపేశారు. రెక్క ఉన్నప్పుడు ఉన్న పట్టును నమ్మి నువ్వు మలుపులోకి దూకుతావు. అది సగంలో ఊడిపోతే, అసలు రెక్క లేని కారుకంటే ఘోరం.

సార్, బ్రేకు సంగతి మీరు చెప్తారా, నేను చెప్పనా?


గాలిగోపురం | 8:40

నువ్వే చెప్పమ్మా. తిరిగినదానివి నువ్వు.


కాణిపాకం_కార్నర్ | 9:25

సరే. బ్రేకు తొక్కితే కారు ముక్కు వంగుతుంది, తోక లేస్తుంది. ఇది గాలితో పనిలేని సంగతి, బరువు ముందుకు జరుగుతుంది. ఇప్పుడు స్ప్లిటర్ 9 నుంచి 6 సెంటీమీటర్లకు దిగిందనుకో. కింద సందు సన్నబడింది, గాలి ఇంకా జోరుగా పోతుంది, పీల్పు పెరుగుతుంది. అంటే నువ్వు బ్రేకు తొక్కిన క్షణంలోనే స్ప్లిటర్ మామూలుకంటే ఎక్కువ తొక్కుతుంది. వెనక్కి అదే సమయంలో బరువు తగ్గింది, ఏతాం లెక్కలో ఇంకాస్త తగ్గింది, వాలుగా లేచిన తోక మీదుగా గాలి ఇంకాస్త ఎత్తింది. అన్నీ ఒక్కసారే. అప్పుడు స్టీరింగు తిప్పితే వెనక టైరు ఏం పట్టుకుంటుంది? పాపం అది నేల మీద ఉన్నదే గొప్ప.

మరీ నేలకు ఆనేంతగా దిగితే ఇంకో ప్రమాదం. సందు మూసుకుపోయి గాలి ఆగిపోతుంది, పీల్పు ఒక్కసారి పోతుంది, ముక్కు లేస్తుంది, మళ్లీ గాలి పోతుంది, మళ్లీ దిగుతుంది. 2022లో ఫార్ములా వన్ కార్లు తిన్నని దారిలో గుర్రాల మాదిరి ఎగిరెగిరి పడింది అందుకే. అంతకు నలభై నాలుగేళ్ల ముందు, 1978లో, మారియో ఆండ్రెట్టి లోటస్ 79తో ఛాంపియన్ అయిన కాలంలోనూ ఈ తలనొప్పి ఉండేది.


నగరి_నైట్రో | 10:10

సరే అక్కా, ముందు వేస్తే తప్పు, ఒప్పుకుంటా. వెనక వేస్తే ఒప్పే కదా? నా రెక్కకేం తప్పుంది?


గాలిగోపురం | 10:48

అదే ఏతాం, తిరగేసి చూడు నాయనా. నీ రెక్క వెనక ఇరుసుకు మీటరు వెనక ఉందనుకుందాం. 40 కిలోలు తొక్కితే వెనక చక్రాల మీద 56 పడుతుంది, ముందు చక్రాల నుంచి 16 పోతుంది. నీ కారును లాగేదీ తిప్పేదీ ముందు చక్రాలే. వాటి దగ్గర్నుంచి బరువు తీసుకుని, పని లేని వెనక చక్రాలకు కట్టబెట్టావు. పైగా రెక్క ఎత్తులో ఉంది కాబట్టి గాలి దాన్ని వెనక్కి నెట్టే బలం కూడా ముక్కును లేపడానికే చూస్తుంది. తిన్నగా పోయేటప్పుడు రాయిలా అనిపించడం నిజమే కావచ్చు. అది స్టీరింగుకు తిరగడం ఇష్టంలేని రాయి. వాన రోజున తెలుస్తుంది.

అయితే మీ వాళ్ల రెక్కల్లో చాలావాటికి ఈ భయం కూడా లేదు. డిక్కీకి జానెడు ఎత్తులో, పైకప్పు వెనక చిక్కుపడిన గాలిలో పెడతారు. అక్కడ గాలే సరిగా లేదు, తొక్కేదేముంది. బట్టలు ఆరేసుకోవచ్చు.


పుత్తూరు_పిస్టన్ | 10:55

😂😂 సార్, నైట్రో వాళ్లమ్మ నిజంగానే ఒక తూరి టవల్ ఆరేసింది. నేను సాక్షిని.


నగరి_నైట్రో | 11:02

మావా నువ్వు గమ్మునుండు.

సార్, మరి పోర్షె జీటీ3 ఆర్ఎస్‌కు అంత రెక్క ఎందుకు వేస్తారు? ఇంజనీర్లకు తెలీదా?


కాణిపాకం_కార్నర్ | 11:40

వాళ్లకు తెలుసు కాబట్టే ముందర కూడా అంత పని చేశారు. ఇప్పటి 911 జీటీ3 ఆర్ఎస్‌కు 200 వేగంలో 409 కిలోలు, 285లో 860 కిలోలు అని కంపెనీ లెక్క. అందుకోసం ముందర డిక్కీనే తీసేసి ఆ చోట రేడియేటరు పెట్టారు, ముక్కు కింద కదిలే రెక్కలు పెట్టారు. వెనక రెక్క ఎంత వంగితే ముందువీ అంతకు తగ్గట్టు కదులుతాయి. పెద్ద రెక్క అందరికీ కనపడుతుంది, కింద జరిగేది ఎవరికీ కనపడదు. మనవాళ్లు కనపడేది మాత్రం కొనుక్కొస్తారు.

చిన్నదానితో అయ్యే పని చూడాలంటే అదే కంపెనీ పాత కారు చూడు. 1972లో చూపించిన 911 కరేరా ఆర్ఎస్ 2.7కు డిక్కీ కొసన బాతు తోక మాదిరి చిన్న మడత, అంతే. వాలు వీపున్న కారు కదా, వెనక తేలేది. ఆ మడత ముందు గాలి కాస్త నిదానించి ఒత్తిడి పెరిగి తోకను అణిచింది.


సూళ్లూరు_కౌంట్‌డౌన్ | మధ్యాహ్నం 1:30

సార్, నా మొదటి మాట తప్పా ఒప్పా చెప్పలేదు మీరు. బాణం ఈకలు.


గాలిగోపురం | 4:15

నిద్రపోయి లేచాను. నీ మాట ఒప్పే, కానీ ఇక్కడి ప్రశ్నకు పక్కది. రెండూ కలిపేస్తే గందరగోళం.

ఒకటి, గాలి కారును పైకీ కిందికీ ఎంత తొక్కుతుంది, ముందు ఎంత వెనక ఎంత. కరకంబాడి అబ్బాయి గోల ఇది. రెండోది, పక్కగాలి కొట్టినప్పుడు కారు ఎటు తిరగాలనుకుంటుంది. నీ బాణం రెండోదానికి. ఇక్కడ ఒక విచిత్రం: చాలా కార్లలో పక్కగాలి తోసే కేంద్రం బరువు కేంద్రానికి ముందే ఉంటుంది. గాలి లెక్కలో కారు ముక్కుకు ఈకలు కట్టిన బాణమే. టైర్లు నేలను పట్టుకుని ఉండబట్టి తిన్నగా పోతున్నాం. రేణిగుంట నుంచి నాయుడుపేట పోయేటప్పుడు లారీని దాటగానే కారు ఒక్కసారి పక్కకు ఊగుతుంది చూడు, అది ఇదే. ఫ్రాన్సులో జరిగే 24 గంటల ల మాన్స్ రేసు కార్లకు ఇంజను మూత మీద నిలువుగా సొరచేప రెక్కలాంటిది 2011 నుంచి పెడుతున్నది ఇందుకే. కారు అడ్డం తిరిగితే మళ్లీ తిన్నగా తేవడానికి, గాల్లోకి లేవకుండా ఆపడానికి.

లేవడం అంటే అక్షరాలా లేవడమే. 1999 ల మాన్స్‌లో మెర్సిడెస్ సీఎల్ఆర్ కార్లు. మార్క్ వెబ్బర్ కారు రేసు మొదలవకముందే రెండుసార్లు వెల్లకిలా తిరిగింది. వాళ్లు ముక్కుకు చిన్న రెక్కలు అతికించి రేసుకు దింపారు. రేసులో పీటర్ డంబ్రెక్ కారు ఎగిరి, కంచె దాటి చెట్లలో పడింది. ఇద్దరూ బతికారు, మూడో కారును వెనక్కి పిలిచేశారు. చక్రాలకు ముందూ వెనకా బాగా సాగిన పొడుగు కారు, దాని అడుగుభాగం చదును. రోడ్డు కాస్త గుట్టలా లేచినచోట, ముందు కారు గాలిని అడ్డుకున్నప్పుడు ముక్కు తేలింది. ముక్కు లేస్తే అడుగున గాలి చేరుతుంది, అడుగు మొత్తం రేకైపోతుంది. నీ రోడ్డు కారుకు అంత జరగదులే. అయినా కారును తొక్కేదీ గాలే, ఎత్తేదీ గాలే, మధ్యలో రెండు మూడు డిగ్రీల వంపే తేడా.


చిత్తూరు_చట్టం | సాయంత్రం 6:00

ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. నాలుగు లేన్ల హైవేలో కారుకు 100, ఎక్స్‌ప్రెస్‌వేలో 120, 2018లో కేంద్రం పెట్టిన హద్దు అది. 160 మాటలన్నీ ట్రాకులోనే. రెండోది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బోల్టులు విప్పి రోడ్డు మీద తిరగండి, ట్రాకులో బిగించుకోండి. పొడుచుకొచ్చిన పలక పాదచారి మోకాలికి కత్తిలాంటిది.


పుత్తూరు_పిస్టన్ | 6:08

ఘాట్ రోడ్డులో దానితో పోతే మొదటి మలుపులోనే పలక ఊడి అలిపిరిలో పడతాది, చట్టం దాకా పోనక్కర్లేదు.


కరకంబాడి_కుర్రోడు | రాత్రి 8:30

అందరికీ దండాలు. ట్రాకుకు విప్పే తీసకపోతాండా చట్టం అన్నా, నిజంగా.

సార్, మీరు 30 కిలోలు "అనుకో" అన్నారు. అనుకునేది కాకుండా కొలిచే దావ ఉందా? విండ్ టన్నెల్ (గాలి ఊది పరీక్షించే సొరంగం) అంటే బెంగళూరు ఐఐఎస్సీ దాకా పోవాల, నన్ను లోపలికి రానిస్తారా? 160లో కొలవాలంటే మళ్లీ ట్రాకు ఫీజు. ఇంకో మాట, డిక్కీలో రెండు బియ్యం మూటలు వేస్తే వెనక బరువు వచ్చేస్తుంది కదా, ఇంత ఎందుకు అంటాండాడు మా బావ.


గాలిగోపురం | సోమవారం పొద్దున 6:35

బియ్యం మూట వెనక చక్రాన్ని తొక్కుతుంది, నిజమే. కానీ మలుపులో ఆ మూటను కూడా ఆ చక్రాలే పక్కకు తిప్పాలి. పట్టు కొంచెం పెరిగింది, చేయాల్సిన పని అంతకంటే ఎక్కువ పెరిగింది. గాలి తొక్కుడుకు బరువు లేదు, పట్టు ఇచ్చి పని అడగదు. స్పాయిలర్ గొప్పతనమంతా అదే. మీ బావకు చెప్పు.

కొలవడానికి విండ్ టన్నెల్ అక్కర్లేదు. మేస్త్రీలు నేల మట్టం చూడటానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టం వాడతారు కదా, అదే నీకు మానోమీటరు, అంటే ఒత్తిడి కొలిచే పరికరం. సన్న గొట్టాన్ని యూ ఆకారంలో ఒక పలకకు కట్టు, బట్టలకేసే నీలం కలిపిన నీళ్లు సగం పోయి, స్కేలు అతికించు. ఒక కొసను కారు మీద కావలసిన చోట నున్నగా, అంచు పైకి లేవకుండా టేపుతో అతికించు, రెండో కొస కారులోపల. అద్దాలన్నీ మూసి, బ్లోయరు ఆపి ఉంచు. ప్రతిసారీ అలాగే ఉంటే లోపలి ఒత్తిడి తేడా లెక్కను పాడుచేయదు. పలకను 30 డిగ్రీల వాలులో పడుకోబెడితే నీళ్లు రెండింతలు కదులుతాయి, చదవడం సులువు. వచ్చిన అంకెను సగం చెయ్యి.

100 వేగం చాలు. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 160కి కావాలంటే 2.56తో గుణించు. మిల్లీమీటరు నీళ్లంటే చదరపు మీటరుకు దాదాపు కిలో బరువు. ముందు బంపరు నట్టనడుమ, గాలి పూర్తిగా ఆగే చోట పెట్టి చూడు, 100లో దగ్గర దగ్గర 47 మిల్లీమీటర్లు రావాలి. అది వస్తే నీ పరికరం నిజం చెప్తున్నట్టు. తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, పోయేటప్పుడు ఒకసారి వచ్చేటప్పుడు ఒకసారి. చదివేది నువ్వు కాదు, పక్కన కూర్చున్నవాడు.


లీలామహల్_లేత్ | 7:20

నలభై ఏండ్లు ఆ గొట్టం చూస్తాండా, దాంతో గాలిని కొలస్తారని ఈ పొద్దే తెలిసింది.

అబ్బయ్యా, ఆ పలక తీసకొని రా. 12 సెంటీమీటర్లు శానా ఎక్కువ, 6కి కోసేస్తా. డిక్కీ కొసకు అల్యూమినియం ఎల్ యాంగిల్ ఒకటి, కిటికీలకు వాడేది, 20 మిల్లీమీటర్లది. గట్టి డబుల్ టేపు, రెండు కొసల్లో స్క్రూలు. డబ్బులు తరవాత చూసుకుందాం.


కాణిపాకం_కార్నర్ | 7:58

తాతగారు అచ్చం అమెరికా రేసరు డాన్ గర్నీ లాగే ఆలోచించారు. 1971లో రెక్క వెనక అంచుకు నిట్టనిలువుగా చిన్న పట్టీ తగిలించి అమెరికా రేసుల్లో అందరినీ మాయచేశాడు. ప్రత్యర్థులు అడిగితే చెయ్యి కోసుకుపోకుండా పెట్టామని కబుర్లు చెప్పారట. ఆ పట్టీకి ఆయన పేరే ఉండిపోయింది.

సార్, డిక్కీ మీద పెడితే?


గాలిగోపురం | 8:30

రెక్క మీద పెట్టినప్పటి పని వేరు, డిక్కీ మీద పెడితే బాతు తోక పనే చేస్తుంది. ముందు పెట్టకుండా కొలువు, తర్వాత పెట్టి కొలువు. ఊలు దారం ముక్కలు వేలెడువి డిక్కీ మీదా వెనక అద్దం మీదా వరసగా అతికించి, పక్క బండిలోంచి వీడియో తీయించు. దారాలు తిన్నగా వెనక్కి పడుకుంటే గాలి అంటుకుని పోతున్నట్టు. పిచ్చిగా ఆడుతుంటే అక్కడ గాలి విడిపోయింది. విడిపోయిన చోట ఏం తగిలించినా దండగ.


కరకంబాడి_కుర్రోడు | తరువాతి ఆదివారం మధ్యాహ్నం 12:10

కొలిచినా! మా బావ పక్కన కూర్చొని చదివినాడు. గొట్టం చేతిలో పెట్టుకోని "నన్ను మేస్త్రీని చేస్తివి" అని తిట్టుకుంటానే చదివినాడు.

బంపరు నడుమ 43 మిల్లీమీటర్లు వచ్చింది. సార్ 47 అన్నారు. నా స్పీడోమీటరు కొంచెం ఎక్కువ చూపిస్తాదని ఫోనులో జీపీఎస్ చూస్తే తెలిసింది, సరిపోయింది లెక్క.

12 సెంటీమీటర్ల పలక ఉన్నప్పుడు: పలక పైన సగటున 20 ఒత్తుడు, కింద 38 పీల్పు. రెండూ కలిపి 58. పలక వైశాల్యం 0.18 చదరపు మీటర్లు. 100లో పదిన్నర కిలోలు, 160కి 27. సార్, మీరు అనుకోమన్న 30కి నాది 27!

డిక్కీ కొసన ఏమీ లేనప్పుడు 11 పీల్పు. తాత యాంగిల్ పెట్టినాక 2 మాత్రమే. డిక్కీ మొత్తం మీద సగటున 8 మారింది. 160కి చూసుకుంటే ఎనిమిదిన్నర కిలోలు. దారాలు డిక్కీ మీద తిన్నగానే పడుకున్నాయి, అద్దం పై మూలల్లో మాత్రం కొంచెం ఆడినాయి.


గాలిగోపురం | 12:50

భేష్. పలక ఒక్కటే కాదు, కారు అడుగుభాగంలో పోయే గాలి కూడా మారి ఉంటుంది, అది నీ గొట్టానికి అందలేదు. కాబట్టి 27ను శిలాశాసనం అనుకోకు. కానీ ఏతాం లెక్క చూడు. పాత పలక వెనక నుంచి లాక్కున్నది ఎనిమిదిన్నర. యాంగిల్ ఇచ్చింది అంతే. పలకను సగానికి కోస్తే వెనక్కి కాస్త మిగులు.


నగరి_నైట్రో | 1:15

ఎనిమిదిన్నర కిలోలకు కారు తిరిగిపోతుందా సార్? 1400 కిలోల కారు!


కాణిపాకం_కార్నర్ | 1:40

టైరు పట్టు చివరంచులో ఉన్నప్పుడు, ముందర 35 పెరిగి వెనక 8 తగ్గితే, తేడా 43. ఆ పైన బ్రేకు. నిండు గ్లాసులోంచి నీళ్లు పొర్లడానికి చెంబుడు పోయాలా?


కరకంబాడి_కుర్రోడు | రెండు వారాల తరువాత, ఆదివారం రాత్రి 10:05

ట్రాకు నుంచి ఇప్పుడే ఇల్లు చేరినా. 6 సెంటీమీటర్ల పలక, ఛాసిస్‌కు పట్టీలు, ముందర రెండు రాడ్లు, వెనక యాంగిల్. పోయేముందర తాత పలక మీద ఎక్కి నిలబడి చూసినాడు, వంగలేదు.

మొదటి రెండు రౌండ్లు భయంతోనే తోలినా. తర్వాత అదే మలుపులో, అదే చోట బ్రేకు తొక్కి తిప్పినా. వెనక కదల్లేదు. ఇప్పుడు ముందర కొంచెం బయటికి పోతాంది, కాలు కాస్త ఎత్తితే మళ్లీ లోపలికి వస్తాంది. పోయిన తూరికంటే ఆ మలుపులో నిదానమే అనిపించింది, టైము చూస్తే రౌండుకు సెకను పైనే తగ్గింది.

ఒకే ఒక్క చింత. మధ్యాహ్నం ఎండకు డబుల్ టేపు ఒక కొసన మెత్తబడి యాంగిల్ కొంచెం లేచింది. స్క్రూ ఉండబట్టి ఊడలేదు.


లీలామహల్_లేత్ | 10:30

ఎండాకాలం టేపుకు నిలవదు, రివెట్టు కొడదాం, మంగళవారం రా. ఎల్ యాంగిల్ ముక్క రెండడుగులు మిగిలిండాది. ఎవరికన్నా కావాలంటే తీసకపోండి. నైట్రో అబ్బయ్యా, నీకు గాదు.


పుత్తూరు_పిస్టన్ | 10:34

తాతా, వాడికి రెండు క్లిప్పులివ్వు. ఆ టవలు గాలికి ఎగిరిపోతాంది.